ఉప్పాడలో దొరకని ఆల్చిప్ప

కలకత్తా
9-1-1979

వదినకు పల్లంరాజు నమస్కరించి రాసేది.

రైలు ఖరగ్‌పూర్ దగ్గర ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. అమ్మ కట్టిచ్చిన రొయ్యపొట్టు పొడి విప్పితే పెట్టెలో అందరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం రెండు పూటలా దాంతోనే అన్నం తిన్నాను. ఇక్కడ చలిగా ఉంది. మీకు తెలిసిన చలి కాదు, రాత్రి దుప్పటి తడిసినట్టుండే చలి.

అన్నయ్య సంవత్సరీకానికి వచ్చి వెళ్లేటప్పుడు నీ పెట్టెలోంచి ఆ ఆల్చిప్ప అడిగి తెచ్చుకున్నాను కదా. నువ్వు ఇవ్వలేక ఇచ్చావని నాకు తెలుసు. మా ట్రస్టు మ్యూజియంలో చిప్పలు వేలల్లో ఉన్నాయి గానీ చలి సముద్రాలవి లేవు. మా ఆఫీసరు గారు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, మిగతావాళ్లందర్నీ పిలిచారు. మూడేళ్లుగా టెంపరరీగా పనిచేస్తున్నాను, ఆయన నా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఇక్కడ ప్రతి చిప్పకూ ఒక చీటీ ఉంటుంది. ఏ ఒడ్డున దొరికింది, ఎప్పుడు, ఏరినవారెవరు. అవి తెలియకపోతే ఎంత అందమైన చిప్పయినా మాకు చెత్తతో సమానం. ఆ చీటీలు రాసే పనే నాది. అన్నయ్య దాన్ని నార్వే దేశం నుంచి తెచ్చాడని నాకు తెలుసు, ఊరి పేరు తెలియదు. నీకు చెప్పే ఉంటాడు. గుర్తు తెచ్చుకుని వెంటనే రాయి.

అమ్మణ్ణి ఎక్కాలు ఎంతవరకు వచ్చాయి? పన్నెండో ఎక్కం దగ్గర నేనూ ఆగిపోయానని చెప్పు, ఏడవకుండా ఉంటుంది.

నీ మరిది
పల్లంరాజు


ఉప్పాడ
28-1-1979

పల్లంరాజుకు వదిన వీరవేణి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజే అలలు ముందు వరస ఇళ్లలోకి వచ్చాయి. చిట్టియ్య వాళ్ల వంటగది కూలిపోయింది. గిన్నెలన్నీ మన పంచలో పెట్టుకున్నారు. మనకూ సముద్రానికీ మధ్య ఇంకా ఒక వరస ఇళ్లున్నాయి. అత్తయ్య మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి, ఎంత దూరం తిన్నదో చూసి వస్తోంది.

ఆ ఊరి పేరు నాకు గుర్తు లేదు. మిగతాదంతా గుర్తుంది, అదే నా దౌర్భాగ్యం. ఓడ తాళ్ల మీద మంచు గడ్డకట్టేదట. సూర్యుడు మధ్యాహ్నం కాస్త కనపడి వెళ్లిపోయేవాడట. నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు రేవు కింద రాళ్ల మీదికి దిగి, సందుల్లోంచి వీటిని పీకాడట. చేతులు మొద్దుబారిపోయి, రక్తం కారుతున్నా తెలియలేదట. ఓడలో వంటవాడు ఉడకబెట్టి పెడితే, "మన ఏటిమొగలో చిప్పల ముందు ఇదేం పనికొస్తాది" అన్నాడట. అందులో పెద్దదాన్ని కడిగి, బట్టల్లో పెట్టి నాకు తెచ్చాడు. "లోపల చూడవే, వెన్నెల పోసినట్టుంది" అన్నాడు. ఊరి పేరు కూడా చెప్పాడు. నోరు తిరగని పేరు. నేను నవ్వాను. నవ్వి మరిచిపోయాను. మళ్లీ అడగొచ్చులే అనుకున్నాను.

పల్లంరాజూ, మీ అన్నయ్య ఓడ అడుగు గదిలోకి జారిపడి చనిపోయాక ఒళ్లు ఏదో పరాయి రేవులోనే మట్టిచేశారు. కంపెనీ వాళ్లు పంపిన పెట్టెలో బట్టలన్నీ ఏదో మందు వాసన. ఆయన తన చేత్తో తెచ్చి నా చేతిలో పెట్టింది ఇదొక్కటే. మీ ఆఫీసరు గారు చూడటం అయ్యాక రిజిస్టరు పోస్టులో పంపెయ్యి. చీటీ మీద మాత్రం ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాయి. ఎక్కడో ఒకచోట ఆయన పేరు రాసి ఉండాలి.

అమ్మణ్ణికి పన్నెండో ఎక్కం వచ్చేసింది. నిన్ను వెక్కిరిస్తోంది.

వీరవేణి


కలకత్తా
20-3-1979

వదినకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, మధ్యలో జ్వరం కూడా వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

చీటీ రాయడం అయిపోయింది. నల్ల సిరాతో మన ఇంటిపేరు ముందుగా రాశాను. ఊరి పేరు గుర్తు రాలేదని నువ్వు బాధపడకు. ఆ సంగతి ఆఫీసరు గారు చూసుకున్నారు. చిప్పకు నంబరు పడింది. ఒకసారి నంబరు పడ్డాక బయటికి తియ్యాలంటే పైవాళ్ల సంతకాలు కావాలి. కొంచెం ఓపిక పట్టు.

నన్ను పర్మనెంటు చేస్తామంటున్నారు. చేస్తే అమ్మణ్ణిని కాకినాడలో మంచి స్కూల్లో చేర్పిద్దాం.

పల్లంరాజు


ఉప్పాడ
11-10-1979

పల్లంరాజుకు,

కార్డులో చోటు లేదు కాబట్టి ఒక్క మాటే. చిప్ప ఎప్పుడు పంపుతావు? అమ్మణ్ణి బళ్లో తన నాన్న తెచ్చిన వస్తువు చూపిస్తానని పిల్లలతో పందెం కట్టింది.

వదిన


ఉప్పాడ
17-8-1980

పల్లంరాజుకు దీవెనలు. దొంగా, నీ గుట్టు దొరికిపోయింది!

చేతిరాత వంకరగా ఉంటే సంతోషం వల్ల అనుకో. మొన్న మధ్యాహ్నం బస్సులో ఒకమ్మాయి దిగింది. పేరు ప్రసన్నకుమారి. విశాఖపట్నంలో డాక్టరేటు కోసం చదువుతోందట. సముద్రంలో పురుగూ పుట్రా, చిప్పలూ, వీటి మీదే పరిశోధన. పిఠాపురంలో గది తీసుకుని రోజూ బస్సులో తిరుగుతానంటే, ఆడపిల్ల ఒంటరిగా ఎందుకని మన ముందుగది ఇచ్చాను. అత్తయ్య మొదట మొహం ముడుచుకుంది. సాయంత్రం ఆ అమ్మాయి పక్కన కూర్చుని రొయ్యలు వలిచేసరికి, "పిల్లకి పని వచ్చు" అని మెత్తబడింది.

సంచీలోంచి ఒక ఫోటో తీసి నాకు చూపించింది. "అక్కా, ఇలాంటి ఆల్చిప్ప ఎప్పుడైనా మీ ఒడ్డున చూశారా?" అంది. ఆయన తెచ్చినదానికి కవల పుట్టినట్టుంది. నేను నోరు తెరిచేలోపు తనే చెప్పింది. "ఇది మంచు పడే దేశాల్లో తప్ప బతకదని అందరూ అనుకున్నారండి. ఉప్పాడ ఒడ్డున దొరికిందని కలకత్తాలో ఒకాయన ఒక పత్రికలో రాశారు. ఏరినాయన పేరు పల్లంరాజట. మీకేమైనా తెలుసా?"

"తెలియకపోవడమేంటి, మా మరిదే" అన్నాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని గంతులేసింది.

అంటే అప్పుడు సంవత్సరీకానికి వచ్చి సాయంత్రాలు ఒడ్డున ఒంటరిగా తిరిగేవాడివే, అప్పుడు నీకింకోటి దొరికిందన్నమాట. మాట మాత్రం చెప్పలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మీ అన్నయ్య అంత దూరం పోయి, చేతులు చీరుకుపోయి తెచ్చినది మన గుమ్మం ముందే ఉందా అని ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అదే బాగుందనిపించింది. ఆయన ముట్టుకున్న జాతి మన నీళ్లలో కూడా ఉందంటే, ఆయనలో కాస్తంత ఇంటికొచ్చినట్టే కదా.

సరిగ్గా ఎక్కడ దొరికిందో రాయి. సుబ్బంపేట వైపా, కోనపాపపేట వైపా? ఆ అమ్మాయిని నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

వీరవేణి


కలకత్తా
26-8-1980

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను.

ఆ అమ్మాయితో ఎక్కువ మాట్లాడకు. అన్నయ్య తెచ్చిన చిప్ప సంగతి అసలు ఎత్తకు. ఎందుకని అడగకు, ఇది ఆఫీసు వ్యవహారం. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఇప్పుడు పైవాళ్ల దగ్గరుంది. ఈ సమయంలో ఒక్క మాట అటూ ఇటూ అయితే నా బతుకు పోతుంది.

చోటు నాకు గుర్తు లేదు. అలలు ఎక్కడినుంచో తెచ్చి పడేసి ఉంటాయి. వెతకడం దండగని చెప్పి ఆ అమ్మాయిని పంపించెయ్యి. ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వెయ్యి.

అమ్మకు కళ్లజోడు మార్పించావా?

పల్లంరాజు


ఉప్పాడ
5-11-1980

పల్లంరాజుకు దీవెనలు.

నువ్వు చెప్పినట్టే ఉత్తరం పొయ్యిలో వేశాను. ఆఫీసుల మధ్య పోటీలుంటాయని, ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరక్కూడదనుకుంటారని నాకు అర్థమైంది. చదువుకున్నవాళ్లు కూడా వలలు వేసే చోటు దాచుకునే మనవాళ్ల లాంటి వాళ్లే.

కానీ ఆ అమ్మాయిని పొమ్మనలేకపోయాను. పొద్దున్నే లేచి మోకాళ్ల లోతు నీళ్లలో వంగి వెతుకుతూ ఉంటుంది. మధ్యాహ్నం వచ్చి, దొరికినవన్నీ పంచలో ఆరబోసుకుని ఒక్కొక్కదాని పేరూ అమ్మణ్ణికి చెబుతుంది. వాళ్ల నాన్న తుని దగ్గర మేష్టారట. పెళ్లి మాట ఎత్తితే, "ముందు ఇది తేలాలి నాన్నా" అని రాసిందట. అంతవరకూ చేసిన పరిశోధన పక్కనపెట్టి ఈ చిప్ప కోసం వచ్చిందట పాపం.

చూడలేక ఒక సాయం చేశాను. నువ్వు రాశావని చెప్పలేదులే. అలలు తెచ్చి పడేశాయని రాశావు కదా. "ఒడ్డున కాదమ్మా, ఇవి లోతులో ఉండి ఉంటాయి, ఎప్పుడో అలలు ఒకదాన్ని ఒడ్డుకు తోసి ఉంటాయి" అన్నాను. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. పిఠాపురంలో కమ్మరి చేత జల్లెడ లాంటి ఇనుప బుట్ట చేయించింది. దాన్ని తాడు కట్టి సముద్రం అడుగున ఈడిస్తే అక్కడున్నవన్నీ అందులో పడతాయి. నా తమ్ముడు బుల్లబ్బాయి తన నావ మీద తీసుకెళుతున్నాడు. "పల్లంరాజు బావ పేరు నిలబెట్టే పని గదా అక్కా" అంటున్నాడు.

ఒకటి మాత్రం నాకు మనసులో ముల్లులా ఉంది. మొన్న అన్నం తింటూ ఆ అమ్మాయి అడిగింది. "అక్కా, నిజం చెప్పండి, ఇలాంటిది మీరు ఒక్కసారైనా చూశారా?" నీ మాట గుర్తొచ్చింది. "లేదమ్మా" అన్నాను. ఆయన ఇచ్చిన వస్తువును చూడనే లేదన్నాను. పీట మీద పక్కనే కూర్చున్న అమ్మణ్ణి నా మొహం వంక చూసింది.

నీ మాట నిలబెట్టానులే. నీ పర్మనెంటు కాగితం తొందరగా రావాలి.

వదిన


కలకత్తా
18-11-1980

వదినకు నమస్కారాలు.

లోతులో ఉంటాయని నేననలేదు. ఎందుకలా చెప్పావు? ఇది వాయుగుండాల కాలం. బుల్లబ్బాయిని సముద్రం మీదికి పంపకు. నేనే చెప్పానని చెప్పు. ఆ బుట్టా వద్దు, ఏమీ వద్దు.

కాగితం వచ్చింది. నన్ను పర్మనెంటు చేశారు. నీకూ అమ్మకూ చీరలు పార్శిలు చేశాను. ఉప్పాడ వాళ్లకు చీరలు పంపడం నవ్వులాటే, అయినా ఇక్కడి నేత వేరు.

ఒక సంగతి రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. వచ్చినప్పుడు చెబుతాను.

పల్లంరాజు


కాకినాడ, ఆసుపత్రి
14-12-1980

పల్లంరాజుకు,

నీ ఉత్తరం వచ్చేసరికే వాళ్లు సముద్రం మీద ఉన్నారు.

గాలి పెద్దగా లేదు. బుట్ట అడుగున రాయికి పట్టేసిందట. బుల్లబ్బాయి తాడు చేతికి చుట్టుకుని లాగుతున్నాడు. అదే సమయానికి పెద్ద అల ఒకటి నావను పైకెత్తింది. తాడుకూ నావ అంచుకూ మధ్య చెయ్యి నలిగిపోయింది. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఇక్కడ డాక్టరు తీసేశారు. ఒడ్డుకు వచ్చేవరకూ ఆ చేతిని ప్రసన్నకుమారి తన ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో అదిమి పట్టుకునే ఉందట. వాడు నన్ను చూడగానే, "బుట్టలో చిప్ప పడిందేమో చూడక్కా" అన్నాడు. నవ్విద్దామని అన్నాడు. నవ్వలేకపోయాను.

వాడి పెళ్లాం సుబ్బాయమ్మ ఆ అమ్మాయిని ఆసుపత్రి వరండాలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ పిల్ల "నా వల్లే, నా వల్లే" అంటూ గోడ వారనే కూర్చుంది. అన్నం ముట్టడం లేదు.

నాకు మాత్రం కోపం ఆ పిల్ల మీద లేదు, నీ మీద ఉంది. చిప్ప దొరికిన చోటు నువ్వు చెప్పి ఉంటే వీళ్లు అంత దూరం పోయేవాళ్లా? నీ ఆఫీసు పోటీలు ఎంత గొప్పవైనా, నా తమ్ముడి చేతికంటే గొప్పవా? కుడిచెయ్యి పల్లంరాజూ. వల అల్లే చెయ్యి.

ఇప్పుడైనా ఆ చోటు చెప్పు. ఆ పిల్ల దాన్ని ఒక్కసారి చూసుకుని వెళ్లిపోతుంది.

వీరవేణి


కలకత్తా
22-12-1980

వదినా,

ఉప్పాడలో ఆల్చిప్ప దొరకలేదు. ఎప్పుడూ దొరకలేదు. ఆ ఫోటోలో ఉన్నది అన్నయ్య నీకు ఇచ్చిందే.

మొదటిరోజు ఆఫీసరు గారు, "ఇది ఎక్కడిది?" అని అడిగారు. "మా ఊరినుంచి తెచ్చానండి, ఉప్పాడ నుంచి" అన్నాను. ఆ మాట తప్పు కాదు. ఆయన ఇంకోలా అనుకున్నారు. "బంగాళాఖాతంలోనా!" అని లేచి నిలబడ్డారు. అందర్నీ పిలిచారు, నా భుజం మీద చెయ్యి వేశారు. అంతమందిలో "కాదండి" అనలేకపోయాను. నీ దగ్గర్నుంచి ఊరి పేరు రాగానే మెల్లగా చెబుదామనుకున్నాను. అందుకే అంత తొందరపడి నీకు రాశాను. నీకు పేరు గుర్తు లేదని జవాబు వచ్చింది. ఊరి పేరు లేకుండా నార్వే అని మాత్రం చెబితే చిప్ప చెత్తబుట్టలోకి, నేను వీధిలోకి పోతామనిపించింది.

చీటీ రాసేరోజు ఆయన నన్ను చాలాసేపు చూశారు. "నువ్వే ఏరావు కదా?" అన్నారు. ఆయనకూ అనుమానం ఉందేమో, తెలియదు. "ఔనండి" అన్నాను. ఆ చీటీ మీద మన ఇంటిపేరు తర్వాత ఉన్నది అన్నయ్య పేరు కాదు, నాది.

అన్నయ్య ఓడ జీతంతో చదువుకున్నాను. ఆయన నీకు తెచ్చిన వస్తువు తీసుకున్నాను, ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టుకున్నాను. నీ చేత ఆ అమ్మాయికి అబద్ధం చెప్పించాను. ఇప్పుడు బుల్లబ్బాయి వేళ్లు.

ఆ అమ్మాయికి నువ్వు చెబుతావా, నేను రాయనా? నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

పల్లంరాజు


ఉప్పాడ
2-1-1981

పల్లంరాజుకు,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ముందు బుల్లబ్బాయికి. వాడు కట్టు కట్టిన చెయ్యి వంక చూసుకుంటూ విన్నాడు. "బావ అలా చేశాడా" అని ఒక్కమాట అన్నాడు. ఇంటికొచ్చాక ఎవరిచేతో యానాం నుంచి బ్రాందీ సీసాలు తెప్పించుకుంటున్నాడు. ఇంతకుముందు పండగ రోజున తప్ప ముట్టనివాడు.

తర్వాత ప్రసన్నకుమారికి. తను ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ తనే చదువుకుంది. నీ మీద మండిపడుతుందనుకున్నాను. నిన్నొక్క మాట అనలేదు. "అక్కా, నేనడిగితే మీరు లేదన్నారు" అంది. అంతే. నిన్ను తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి గానీ, ఆ పిల్ల మాట పడాల్సింది నేనే. లోతులో ఉంటాయని ఆశ పెట్టింది నేనే. నావ ఎక్కించింది నేనే. ఏదో తేడాగా ఉందని నా మనసుకు తోచింది, పైకి తెలియనట్టు నటించాను. నీకు ఉద్యోగం నిలబెట్టుకోవడం, నాకు నీ మాట నిలబెట్టడం. ఎవరి లాభం వాళ్లం చూసుకున్నాం.

ఆ పిల్ల పెట్టె సర్దుకుని బస్సెక్కింది. అమ్మణ్ణి బస్సు వెనకాల పరుగెత్తింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

నాకు క్షమాపణలు రాయకు. రాయాల్సిన చోట రాయి. ఆ చీటీ మీద నీ పేరు కొట్టేసి నిజం రాయించు. అంతవరకూ నీ దగ్గర్నుంచి ఏమీ పంపకు. చీరలు వచ్చాయి, పార్శిలు విప్పలేదు.

వీరవేణి


కలకత్తా
19-2-1981

వదినా,

చెప్పాను. ముందు ఆఫీసరు గారికి. ఆయన తలుపు వేసి రమ్మన్నారు. "ఇప్పుడెవరడిగారు నిన్ను?" అన్నారు. ఊరుకుంటే ఊరుకుందామన్నారు. ఊరుకోలేదు. ట్రస్టు వాళ్లకు జరిగిందంతా కాగితం మీద రాసి ఇచ్చాను. ప్రసన్నకుమారికీ రాశాను. ఆమె నుంచి జవాబు లేదు.

విచారణ పెట్టారు. అసిస్టెంటు తనను మోసం చేశాడని ఆఫీసరు గారు చెప్పారు. అది అబద్ధమని నేనెలా అనగలను? నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఒక మార్వాడీ గోడౌనులో జనపనార బస్తాలు తూకం వేయించే పని దొరికింది. తిండికి ఇబ్బంది లేదు.

చీటీ మాత్రం నువ్వు అడిగినట్టు జరగలేదు. ఎర్ర సిరాతో ఉప్పాడ కొట్టేశారు, నా పేరు కొట్టేశారు. వాటి పైన "ఊరు తెలియదు, ఏరినవారు తెలియదు" అని రాశారు. అన్నయ్య పేరు రాయండని బతిమాలాను. "ఒకసారి అబద్ధం చెప్పినవాడివి, ఇప్పుడు చెప్పేది నిజమని నమ్మేదెలా?" అన్నారు. నా నోటివెంట వస్తే అన్నయ్య పేరు కూడా అబద్ధమైపోయింది వదినా. చిప్ప తిరిగి ఇవ్వమన్నా, అడగడానికి నువ్వెవరన్నారు.

బుల్లబ్బాయికి ఉత్తరం రాయాలని కూర్చుంటాను. వాడి పేరు రాసి ఆగిపోతాను.

పల్లంరాజు


ఉప్పాడ
24-6-1981

పల్లంరాజుకు,

నాలుగు నెలలు నీకు రాయలేదు. రాయాలనిపించలేదు. ఇప్పుడు ఒక సంగతి జరిగింది, నీకు తెలియాలి.

ప్రసన్నకుమారి మళ్లీ వచ్చింది. నేను "లోపలికి రామ్మా" అనేలోపు తనే వచ్చి కూర్చుంది. "మీ కోసం రాలేదక్కా. తప్పు అచ్చులో ఉండిపోయింది, ఇంకెవరో నాలాగే వెతుక్కుంటూ వస్తారు. దాన్ని దిద్దుతూ ఒక వ్యాసం రాస్తున్నాను" అంది. పాత పరిశోధనలోకే మళ్లీ వెళ్లిందట. ఏడాది వెనకబడిందట.

మీ అన్నయ్య పనిచేసిన ఓడ కంపెనీకి తను ఉత్తరం రాసింది. ఆయన చిప్ప తెచ్చిన చలికాలంలో ఆ ఓడ నార్వేలో ఏయే రేవుల్లో ఆగిందో వాళ్లు రాసి పంపారు. నేను కలలో కూడా అనుకోని పని. నాకు చదివి వినిపించింది. బోడో, ట్రోమ్సో, హామర్‌ఫెస్ట్. "వీటిలో ఒక ఊరక్కా. పేరు విన్నాక గుర్తొస్తుంది. ఊరు తెలిస్తే, కంపెనీ కాగితం సాక్ష్యంగా పెట్టి మ్యూజియం వాళ్ల చేత మీ ఆయన పేరు రాయిస్తాను. ఊరు లేకపోతే వాళ్లు మార్చరు" అంది.

ఇంకోసారి చదవమన్నాను. కళ్లు మూసుకుని విన్నాను. బోడో అంటే ఆయన నోట విన్నట్టే ఉంది. ట్రోమ్సో అంటే అదీ విన్నట్టే ఉంది. మూడోదానికి నోరు తిరగదు, అదే అయి ఉండాలనిపించింది. అత్తయ్య మంచం మీంచి లేచి కూర్చుంది. "ఏదో ఒకటి చెప్పెయ్యవే. ఏ ఊరైతే ఏంటి, అన్నీ మంచు ఊళ్లే కదా. మావోడి పేరుంటాది" అంది. ఆ పిల్ల కలం పట్టుకుని నా వంకే చూస్తోంది. తనకూ నేను చెప్పాలనే ఉంది.

పంచలో బుల్లబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఎడంచేత్తో వల అల్లడం నేర్చుకుంటున్నాడు. కుడిచేత్తో దారం పట్టుకుంటాడు, జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటాడు. వాడు అల్లడం ఆపి నా జవాబు కోసం చెవి ఇటు పెట్టాడని నాకు తెలుస్తోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"ఒక్కదాని మీద కాస్త ఎక్కువ అనుమానం ఉన్నా..." అంది.

"లేదమ్మా. అప్పుడు చూసి చూడలేదన్నాను. ఇప్పుడు తెలియకుండా తెలుసని అనను. ఆయన నార్వేలో ఏరాడు. నేను విన్నది నిజం. ఊరు నేను మరిచిపోయాను. అంతే రాయండి" అన్నాను.

అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంది. ప్రసన్నకుమారి కాగితం తిప్పి రాసుకుంది. ఏం రాసిందో నాకు చదివి చెప్పింది. ఉత్తర నార్వే, ఊరు తెలియదు. ఏరినవారు ఓడ పనివాడు భీమరాజు, భార్య వీరవేణి చెప్పిన ప్రకారం. తన వ్యాసంలో అలాగే వస్తుందట. మ్యూజియం వాళ్ల చీటీ మాత్రం మారదట. వెళ్లేముందు అన్నం తింది. మన ఇంట్లో తింటుందనుకోలేదు. వడ్డిస్తుంటే వద్దనలేదు.

బుల్లబ్బాయి సీసాలు మానలేదు, తగ్గించాడు. చేపల వేలం దగ్గర పాట పాడే పని చూసుకుంటున్నాడు. నిన్న ఉన్నట్టుండి, "బావ ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. కోపంతో అడిగాడో, చూడాలని అడిగాడో నాకు తెలియలేదు. నువ్వు వచ్చి వాడి ఎదురుగా కూర్చుంటే నీకే తెలుస్తుంది. ఉత్తరం రాయలేకపోతున్నానన్నావు. రాయొద్దు, రా. ముందు వాడింటికి వెళ్లు, తర్వాతే ఇక్కడికి.

నేనేం మాట్లాడతానో నాకు తెలియదు. నిన్ను తిట్టాలంటే నన్నూ కలుపుకుని తిట్టాలి, అంత ఓపిక ఆ రోజుకు ఉంటుందో ఉండదో. అన్నం మాత్రం పెడతాను.

వదిన
వీరవేణి